చెంచాడు భయం

ఈ ఆట ఆడినవాళ్ళే ఇక్కడ అభిప్రాయం రాయాలట. నేను ఆడలేదు. ఆడను కూడా. అయినా రాస్తున్నాను, తీసేస్తే తీసేసుకోండి. ఆడపిల్లల హైస్కూల్లో జీవితమంతా హిందీ చెప్పి రిటైరైనదాన్ని. ఎవరో వద్దన్నారని నోరు మూసుకునే అలవాటు నాకు లేదు.

నా పేరు భ్రమరాంబ. ఊరు కాకినాడ. మీరంతా ఆడి, భయపడి, మెచ్చుకుని, తిట్టిపోసిన ‘వెనకగది’ అనే ఆటని తయారుచేసింది మా కోడలు హిమజ, దాని స్నేహితురాలు తబస్సుమ్. మా మేడమీద గదిలోనే తయారుచేశారు. వాళ్ళకి టీలూ టిఫిన్లూ మోసింది నేను. కాబట్టి దీని గురించి మాట్లాడే హక్కు నాకు మీలో ఎవరికన్నా తక్కువేమీ లేదు.

మీ అభిప్రాయాలన్నీ చదివాను. ఒక్కటి కూడా వదల్లేదు. అక్షరదోషాలు చూసి చెయ్యి దురదపెట్టింది గానీ ఊరుకున్నాను. ‘భయంకరంగా బాగుంది’ అని ఒకరు, ‘దెయ్యం ఏదిరా బాబూ’ అని ఒకరు. గంట తిరక్కుండానే అయిపోయిందని కోపమొచ్చి రెండే రెండు నక్షత్రాలిచ్చిన పెద్దమనిషి ఒకడు. నాయనా, ఆ గంటలోపు నీ చేతికి ఏం వచ్చిందో నీకు తెలీదు. పూర్తిగా చదివాక అప్పుడు తిట్టుకుందువుగాని.

ఆట తెలియనివాళ్ళు కూడా చదువుతారేమో, రెండు ముక్కలు చెప్తాను. మీరు ఒక ఇంట్లోకి వెళ్తారు. గదులన్నీ ఖాళీ. ఆ ఇంట్లో ఎవరో ఒక మనిషి కనపడకుండా పోయారు. ఎవరో కనిపెట్టాలి. గదిగదికీ ఒక ఆధారం దొరుకుతుంది. చివర్న వెనకగది తలుపు. ఆ తలుపు దగ్గర ఏం ఎదురవుతుందన్నది ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదు. ఎందుకంటే మీరు తలకి పెట్టుకున్న పట్టీ మీ ఒంటిని చదువుతూ ఉంటుంది. మీరు దేనికి హడలిపోతారో మీకన్నా ఓ క్షణం ముందే దానికి తెలిసిపోతుంది. తెలిసిందే తడవుగా దాన్నే తెచ్చి మీ ముందు పెడుతుంది.

మరి ప్లాస్టిక్ ముక్కకి భయమంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? ముందు ఎవరో ఒక మనిషి భయాన్ని దానికి రుచి చూపించాలట. పాలకి తోడులాగ. ఈ మాట నాది కాదు, హిమజదే. ఒకరోజు పెసరట్టు తింటూ చెప్పింది.

“చెంచాడు చాలండి అత్తయ్యగారూ. ఆడేవాళ్ళ భయంతో కలిసి అదే తోడుకుంటుంది.”

“ఎవరిదిస్తారే ఆ చెంచాడు?”

“నాదేనండి. మనింట్లో దానికేం కరువు?” అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

కరువేమీ లేదు మరి. గ్యాసు కట్టానో లేదో అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చే పిల్ల. పొయ్యిమీద పాలుంటే మేడమీంచే “అత్తయ్యగారూ, పాలు!” అని కేకేసేది. మా మనవరాలు లౌక్య స్నానాలగదిలోకి వెళ్తే నేలంతా పొడిగుడ్డతో తుడిచేదాకా దీనికి కుదురుండేది కాదు. గేటు గడియ పడిందా అని పడుకోబోతూ కూడా వెళ్ళి చూసొచ్చేది. తన సంగతి మాత్రం నా ఎదురుగా చెప్పుకునేది కాదు. పొద్దున్నే నా గది గుమ్మం దాకా వచ్చి, ఓ క్షణం నిలబడి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఏదో అడగాలని వచ్చి నన్ను చూసి జంకుతోంది అనుకునేదాన్ని. అత్తగారంటే ఆమాత్రం భయం ఉండాలిలే అని లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆట బయటికొచ్చింది. మీ అభిప్రాయాలు రావడం మొదలైంది. మేడమీద ఇద్దరూ ఫోను పట్టుకుని గంతులేస్తున్నారు. ఆ సంబరంలో ఆ ఆదివారం అందరం ఉప్పాడ బీచిరోడ్డుకి వెళ్ళాం.

ఉప్పాడ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ సముద్రం రోడ్డునే కొరుక్కు తింటూ ఉంటుంది. అడ్డంగా పెద్దపెద్ద రాళ్ళు పోశారు. అల కొడితే నీళ్ళు రోడ్డుమీదకి ఎగిరిపడతాయి. మా అబ్బాయి మురహరి మొక్కజొన్న పొత్తులకని వెళ్ళాడు. నేను చీర కుచ్చెళ్ళు సర్దుకుని తలెత్తి చూద్దును కదా, హిమజ పిల్ల చెయ్యి పట్టుకుని నాచు పట్టిన రాళ్ళమీంచి కిందకి దిగిపోతోంది.

“హిమజా! పిల్లే! పిల్ల!” అని అరిచాను.

వెనక్కి తిరిగి నాకు చెయ్యూపింది, నవ్వుతూ. అంతలో అల వచ్చింది. ఇద్దరూ నడుందాకా తడిసిపోయారు. లౌక్య చెప్పొకటి కొట్టుకుపోయింది. మురహరి పొత్తులు అక్కడే పారేసి పరుగెత్తి పిల్లని చంకన వేసుకున్నాడు.

“పిచ్చెక్కిందా నీకు?” అన్నాడు భార్యని.

“ఏమైందండి? పడలేదుగా,” అంది హిమజ.

ఆ మాటలో పొగరు లేదు. ఎదురు సమాధానం కూడా కాదు. నిజంగా అర్థంకాక అడిగింది. పాలకి భయపడే పిల్ల సముద్రానికి భయపడలేదేమిటి?

అప్పట్నుంచి కనిపెట్టి చూశాను. పాలు పొంగి, పొయ్యి ఆరి, గ్యాసు వాసన కొడుతుంటే పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. గేటు బార్లా తీసే ఉంటోంది. భానుగుడి జంక్షన్‌లో లారీ హారన్ కొడుతుంటే తలైనా తిప్పకుండా రోడ్డు దాటేసింది. పిల్లని ఒక్కదాన్నీ దీని దగ్గర వదలడానికి ఇంట్లో మాకెవరికీ ధైర్యం చాల్లేదు. మురహరి హార్బరు డ్యూటీ మానుకుని ఇంట్లో కూర్చున్నాడు.

ఇక లాభం లేదని మేడెక్కాను. తబస్సుమ్ జగన్నాథపురం పిల్ల. నా దగ్గరే హిందీ చదువుకుంది. తర్వాత మెదడు గురించి పెద్ద చదువులు చదివింది. ఇప్పటికీ నన్ను చూస్తే కుర్చీలోంచి లేచి నిలబడుతుంది.

“దీనికేం చేశారే?” అన్నాను.

తబస్సుమ్ హిమజని కూర్చోబెట్టి తలకి పట్టీ పెట్టింది. ఎదురుగా తెరమీద ఒక గీత కదులుతోంది. “భయం వస్తే ఈ గీత పైకి లేవాలండి టీచర్‌గారూ,” అని చెప్పి, చప్పుడు చెయ్యకుండా హిమజ వెనక్కి వెళ్ళి స్టీలు పళ్ళెం నేలమీదకి విసిరేసింది. నేను అదిరిపడి గుండె పట్టుకున్నాను. కింద లౌక్య ఏడుపందుకుంది. హిమజ తాపీగా తల తిప్పి, “పళ్ళెం పడిందే తబస్సూ,” అంది. గీత లేవలేదు.

తబస్సుమ్ మొహం పాలిపోయింది. “భయాన్ని చదవాలంటే ముందు దాన్ని పైకి తేవాలండి. తెచ్చిన ప్రతిసారీ పట్టీ కాస్త పట్టుకుంటుంది. మేం అచ్చు తీసుకుంటున్నాం అనుకున్నాం. మనిషిలోంచి తీసేసుకుంటున్నాం అని తెలీలేదండి.”

“చెంచాడు చాలన్నారుగా?”

తబస్సుమ్ నేల చూపులు చూసింది. హిమజే చెప్పింది, ఎవరి సంగతో చెప్తున్నట్టు. “బాగా వస్తోంది కదా అని చివర్లో మొత్తం తీసేశామండి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇంత చదువుకున్నారు! పెరుగు ఎంత కమ్మగా కుదిరినా రేపటి తోడుకి ఓ చెంచాడు పక్కన పెట్టకుండా ఎవరైనా గిన్నె ఊడ్చేస్తారటే? మీ ఇళ్ళల్లో ఊడ్చేస్తారా?”

“లేదండి, పక్కన పెడతారండి,” అని తబస్సుమ్ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నా కోపం సగం చల్లారిపోయింది. హిమజ దాని వీపు నిమిరి ఓదార్చింది. ప్రమాదమంతా ఎవరికి వచ్చిందో వాళ్ళే ఓదార్చడం చూసి నాకు మతిపోయింది.

యంత్రంలో దాచిపెట్టినది ఉందిగా, తిరిగి ఎక్కించెయ్యొచ్చుగా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఎక్కించి చూశారు. మళ్ళీమళ్ళీ చూశారు. పాలు పాలలాగే ఉన్నాయి. ఒంట్లో బతికి ఉన్న భయమైతేనే ఇంకో ఒంట్లో అంటుకుంటుందట. యంత్రంలో ఉన్నది ఎండిపోయినదట.

ఆ సాయంత్రం తబస్సుమ్ మెట్లమీద కూర్చుని మీ అభిప్రాయాలు చూసుకుంటోంది. ఉన్నట్టుండి లేచి నా దగ్గరికొచ్చింది.

“టీచర్‌గారూ, మా ఇంట్లో పెరుగు పాడైపోతే మా అమ్మీ గిన్నె పట్టుకుని ఎదురింటికెళ్తుందండి. వాళ్ళ పెరుగు ఒకప్పుడు మా ఇంటి తోడుతో మొదలైందే.”

“అయితే?”

“హిమజ భయం వీళ్ళందరి దగ్గరా తోడుకునే ఉందండి,” అని ఫోను చూపించింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆడినవాళ్ళు మళ్ళీ ఒక్కసారి పట్టీ పెట్టుకుని ఆట పూర్తిచేస్తే, వాళ్ళ దగ్గరున్నదాన్ని అది వెనక్కి పంపగలదట. వాళ్ళ సొంత భయానికి ఏమీ కాదట. కానీ ఆటలోంచి మాత్రం భయం పోతుంది. చాలామంది ఇచ్చేస్తే ఇక వెనకగదిలో ఏమీ మిగలదు. భయపెట్టని భయం ఆట ఎవరికి కావాలి?

“అయితే వద్దు,” అంది వెనకనుంచి హిమజ. “ఎంత కష్టపడి చేశాం తబస్సూ! పైగా నాకిప్పుడే బాగుందండి అత్తయ్యగారూ. పొద్దున్న కళ్ళు తెరవగానే గుండెలమీద ఏదో కూర్చుని ఉండేది. ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే. ఇప్పుడు లేదండి. హాయిగా లేస్తున్నాను. మళ్ళీ తెచ్చిపెట్టుకోమంటారా?”

ఎన్నేళ్ళుగానో ఒకే ఇంట్లో ఉన్నాం, ఆ పిల్ల గుండెలమీద ఏదో కూర్చుని ఉంటుందని నాకెవరు చెప్పారు? తెచ్చిపెట్టుకో అని ఏ మొహం పెట్టుకుని అడగను?

మనసు మార్చింది లౌక్య. ఆ వారం వాయుగుండం అన్నారు. మధ్యాహ్నానికే మబ్బు కమ్మి ఇల్లంతా చీకటైపోయింది. హిమజ నడవలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నెత్తిమీదే పడ్డట్టు ఫెళ్ళున ఉరిమింది. లౌక్య కెవ్వుమని గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. దారిలో తల్లి ఉంది. తల్లిని దాటుకుని వచ్చి నా కొంగులో దూరింది.

“దా అమ్మా, ఇక్కడికి రా. ఏముందే? చప్పుడేగా!” అని హిమజ నవ్వుతూ చేతులు చాపింది.

పిల్ల కదల్లేదు. “అమ్మకి తెలీదు,” అంది కొంగులోంచి.

హిమజ చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత దించుకుంది. ఒక చొక్కా తీసి మడతపెట్టింది. దాన్నే విప్పి మళ్ళీ మడతపెట్టింది. వాన మొదలైంది.

“అత్తయ్యగారూ,” అంది. “నాకు భయం లేదుగానీ బాధ ఉందండి. భయం వేస్తే నా బిడ్డ నా దగ్గరికి రావట్లేదు.” కళ్ళు తుడుచుకుంది. “తబస్సుని రమ్మనండి.”

ఇక మా పని మొదలైంది. ఇంతమంది ఆడారు గదా, ఎవరి దగ్గర హిమజ భయం తోడుకుంది, ఎవరి దగ్గర వాళ్ళ భయమే ఉండిపోయింది? అది పట్టీకి తెలీదు. మీరు రాసిన అభిప్రాయాలే దిక్కు. హిమజతో ఒకే ఇంట్లో కాపురం చేసినవాళ్ళకే ఏది దానిదో తెలుస్తుంది. మురహరీ నేనూ కళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చున్నాం.

‘దెయ్యాల ఆటలో పొయ్యిమీద పాలెందుకండీ? నవ్వుదామనుకున్నా. అవి పొంగుతుంటే అరచేతులు చెమటలు పట్టేశాయి’ అని నంద్యాల నుంచి ఒకమ్మాయి రాసింది. మనదే. ‘తడి గచ్చుమీద చిన్న పాదాల గుర్తులు. కాస్త దూరం వెళ్ళి ఆగిపోయాయి. ఆట ఆపేసి మా అక్క పిల్లలకి ఫోన్ చేశా’ అన్నారు చీరాలాయన. మనదే. ‘ఏమీ లేదు, గేటు గడియ తీసి ఉంది. అంతే. ఒళ్ళు జలదరించింది’ అని ఇంకొకరు. అయ్యో, మనదే! ‘లెక్కల మాస్టారి బెత్తం’ అన్నవాళ్ళది వాళ్ళ సొంతం, పక్కన పెట్టాం. చదువుతుంటే చిత్రంగా ఉండేది. ముక్కూమొహం తెలీనివాళ్ళు మా ఇంటి పాలకీ గేటుకీ కంగారుపడ్డారు. వాళ్ళందరిమీదా నాకు ఒక్కసారిగా ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ ప్రేమలో ఉండగానే ఇది కనపడింది. ‘వెనకగదిలో ముసలావిడ దగ్గు. బాబోయ్, చచ్చేంత భయమేసింది.’ దాని కింద ఇంకొకరు, ‘అవును బ్రో, ముసలావిడ దగ్గే హైలైట్.’ దాని కింద మరొకరు.

మా ఇంట్లో వెనకగది నాది. సుద్దముక్కల పొడి పీల్చి పీల్చి, నాకు దగ్గు ఏళ్ళ తరబడి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. అంటే ఆ గదిలో దెయ్యాన్ని నేనన్నమాట! ఇన్నాళ్ళూ ఇంట్లో నోరెత్తని కోడలు నన్ను దెయ్యాన్ని చేసి ఊరందరికీ చూపించిందన్నమాట! ఫోను మంచమ్మీద పారేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. అన్నానికి పిలిస్తే వెళ్ళలేదు.

మురహరి వచ్చి పక్కన కూర్చున్నాడు. “అమ్మా, ముక్కా ముక్కా చదివి అలగడం కాదు. ఇది పూర్తిగా విను.” పలాస నుంచి తవిటినాయుడు అనే అబ్బాయి రాసినది పైకి చదివాడు.

‘వెనకగదిలో అమ్మ దగ్గుతూ ఉంటుంది. దగ్గుతున్నంతసేపూ నాకు భయం లేదు. ఇంట్లో మనిషి ఉందని ధైర్యంగా ఉంటుంది. తలుపుమీద చెయ్యి వెయ్యగానే దగ్గు ఆగిపోతుంది. అప్పుడొస్తుంది భయం. నేను తలుపు తియ్యలేకపోయాను.’

ఫోను లాక్కుని మిగతావన్నీ మళ్ళీ చదివాను. అందరిదీ అదే మాట. దగ్గుకి ఎవరూ భయపడలేదు. దగ్గు ఆగిపోయినందుకు భయపడ్డారు.

పొద్దున్నే ఆ పిల్ల నా గుమ్మం దగ్గర ఎందుకు నిలబడేదో అప్పుడు తెలిసింది నాకు. అడగడానికి కాదు, జంకీ కాదు. నేను బతికే ఉన్నానా అని విని వెళ్ళేది. నేనేమో నన్ను చూసి భయపడుతోందని మురిసిపోయాను. కొడుకు ముందే భోరుమని ఏడ్చేశాను. సిగ్గేమీ వెయ్యలేదు.

తబస్సుమ్ మీ అందరికీ విన్నపం పెట్టింది, జరిగింది జరిగినట్టు రాసి. ‘ఇదో కొత్త పబ్లిసిటీ’ అని వెక్కిరించినవాళ్ళున్నారు. పట్టీ అమ్మేసుకున్నవాళ్ళున్నారు. కానీ ఎంతమంది ఇచ్చారండీ! నంద్యాల పిల్ల పరీక్షల మధ్యలో కూర్చుని ఆడింది. చీరాలాయన, ‘పాదాల గుర్తులు పంపాను, పాప జాగ్రత్త’ అని రాశారు. మీరు పంపినవన్నీ ఒక్కొక్కటే హిమజకి ఎక్కించారు. గీత లేచేది. ఆ పూటంతా గేటు గడియ పెట్టుకునేది, పాల దగ్గర నిలబడేది. మర్నాటికి మళ్ళీ మామూలే.

“అంటుకుంటున్నాయిగానీ నిలవట్లేదండి,” అంది తబస్సుమ్. “అన్నిటికీ అడుగున ఉన్న భయం ఒకటుంటుంది. అది వస్తేగానీ ఇవి ఆగవు.”

అదేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దగ్గు పంపినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళది చాలా పలచగా ఉందట. రోజూ ఆడి ఆడి చిక్కబెట్టుకున్నవాడు ఒక్కడే, ఆ పలాస అబ్బాయి. అతను జవాబివ్వలేదు. మురహరి ఎలాగో నంబరు సంపాదిస్తే నేనే ఫోన్ చేశాను.

జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాడట. నా మాటలన్నీ విన్నాడు.

“సూసేనండి మీరు పెట్టింది,” అన్నాడు. “మాయమ్మ పోనాదండి. ఆవిడ ఫొటోలున్నాయి. దగ్గు ఎవులు దాసుకుంటారండి? మీ ఆటలో ఇన్నాను. ఒట్టు, మాయమ్మదే. డూటీ దిగొచ్చి ఆ తలుపుకాడ కూకుంటాను. ముట్టుకోను. ముట్టుకుంటే ఆగిపోద్ది కదండీ. పంపాలంటే తలుపు తియ్యాలంట. తీసేత్తే నాకింకేటుంటాది?”

నా ఇంటికోసం ఆ పిల్లాడి తల్లిని అడగనా? “వద్దులే నాయనా,” అన్నాను. “ఉంచేసుకో. ఏదో అడిగాను, మనసులో పెట్టుకోకు.” ఫోను పెట్టెయ్యబోతుంటే పాడు దగ్గు తెరలుతెరలుగా వచ్చేసింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

“మీరేనా అండి ఆ దగ్గు?” అన్నాడు.

“నేనే.”

“మరి మీ కోడలమ్మ ఇంట్లోనే ఉన్నాదా? ఈ దగ్గు ఇంటన్నాదా?”

“ఎదురుగానే ఉంది. వింటోంది. దానికేమీ అనిపించదు.”

“అదేటండీ,” అన్నాడు. “మనిసి ఉండగా ఇనపడకపోతే ఎలాగండి?” ఫోను పెట్టేశాడు.

మర్నాడు అతని దగ్గర్నుంచి వచ్చింది. కింద రెండు ముక్కలు రాశాడు. ‘తలుపు తీసేసేనండి. లోపల కాళీ గది. కిటికీలోంచి ఎండ పడతన్నాది.’

అది ఎక్కిస్తున్నప్పుడు నేనూ మేడమీదే ఉన్నాను. గీత లేచింది. లేస్తూనే ఉంది. హిమజ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. పెదవులు తెల్లబడ్డాయి. పట్టీ పీకేసి మొదట అన్నమాట, “లౌక్య ఏది? కింద ఒక్కత్తే ఉందా?” అంతే, చెప్పులైనా లేకుండా మెట్లు దూకుతూ పరుగెత్తింది. కిందనుంచి పిల్ల నవ్వూ దీని ఏడుపూ కలిపి వినపడ్డాయి. తబస్సుమ్ నన్ను వాటేసుకుని “టీచర్‌గారూ” అంటూ ఉండిపోయింది.

ఈసారి నిలిచింది. కాకపోతే పక్కింటి పెరుగు కదా, వాళ్ళింటి రుచి కూడా కాస్త వచ్చింది. ఇంతకుముందు బల్లిని చీపురుతో తోలేసేది, ఇప్పుడు కుర్చీ ఎక్కి అరుస్తోంది. ఆ బల్లి భయం మీలో ఎవరిదో చెప్తే మర్యాదగా తిరిగి పంపించేస్తాం. రైలు కూత వింటే ఎందుకో మొహం చిన్నబుచ్చుకుంటుంది. అది ఎవరిదో, వాళ్ళకేం జరిగిందో మాకు తెలీదు. “ఎవరిదైనా నా దగ్గర భద్రంగా ఉంటుందండి,” అంది హిమజ. పొద్దున్నే గుండెలమీద కూర్చునేది కూడా తిరిగొచ్చింది. ఇప్పుడు దాన్ని ఒక్కర్తీ మొయ్యడంలేదు. లేవగానే నాకొచ్చి చెప్తుంది, ఇద్దరం కాఫీ తాగుతూ దాన్ని కాసేపు తిట్టుకుంటాం.

ఆట మాత్రం పోయింది. హిమజా, తబస్సుమ్ దానికోసం ఎంత ఏడ్చారో నేను చూశాను. యంత్రంలో దాచినది కూడా తీసి చెరిపేశారు. ఇప్పుడు ఆడినవాళ్ళు ‘ఇల్లుంది, భయం లేదు. వెనకగది కిటికీ దగ్గర కాసేపు కూర్చుని వచ్చేశాను, మనసు కుదుటపడింది’ అని రాస్తున్నారు. భయం ఆట అని చెప్పి ఇలా మోసం చేస్తారా అని ఒకరు. ఆ మోసం మా కోడలి ప్రాణం నాయనా, నా మనవరాలి ప్రాణం. గంట కూడా లేదన్నావే, ఆ కాస్తలో నువ్వు పాలకి పడ్డ కంగారే మా వంటింటికి తిరిగొచ్చింది. నీకూ, నంద్యాల తల్లికీ, చీరాల ఆయనకీ, పేరు రాయకుండా పంపినవాళ్ళందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. తవిటినాయుడికి పెట్టను, వాడు చిన్నవాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. మాటల్లో నాకు దగ్గు వస్తే ఊరుకుని వింటాడు. అయ్యాక “మందేసుకున్నారా అమ్మా?” అని గదమాయిస్తాడు. నేను వేసుకోను, వేసుకున్నానని చెప్తాను.

ఎన్ని నక్షత్రాలిస్తారు అని అడుగుతోంది ఇక్కడ. అయిదే ఉన్నాయి. అయిదూ నొక్కాను.

ఇంకా రాద్దును. తెల్లారిపోయింది. గుమ్మం పక్కన చీర చెంగు కనపడుతోంది, చప్పుడు చెయ్యకుండా నిలబడింది. ఉండండి, ఒకసారి దగ్గాలి.